కావు వేసిన కారు

మా తాతయ్య పోయిన ఏడాదికి, బీరువా అడుగు అరలో పాత శిస్తు రసీదుల కింద ఒక కాగితం దొరికింది. ఇల్లూ పొలమూ ఎవరికి ఏమిటన్నది అంతకుముందే తేలిపోయింది. ఇది వాటి సంగతి కాదు. ఆయన చేతిరాతలో మూడే వాక్యాలు. షెడ్డులో ఉన్న కారు నా మనవరాలికి చెందాలి. దాన్ని ఉంచుకున్నా తీసేసినా ఆ పిల్ల ఇష్టం. ఎవరూ అడ్డు చెప్పకూడదు. నాన్న ఆ కాగితాన్ని పైకి చదివి పకపకా నవ్వాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను చేతిలో ఉన్న చీపురు అక్కడే పడేసి షెడ్డులోకి పరుగు తీశాను.

ఎనభైల నడుమ మాట ఇది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నూజివీడులో డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. ట్రాక్టరు తోలడం వచ్చు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ రెండు సంగతులూ పెళ్లిచూపులకొచ్చిన వాళ్ల ముందు ఎత్తొద్దని అమ్మ నన్ను బతిమాలుకునేది. అప్పటిదాకా ఆ ఇంట్లో నాదంటూ ఒక ట్రంకుపెట్టె తప్ప ఏమీ లేదు. ఇప్పుడు ఏకంగా కారు! ఆ పూట నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం.

అదేం కారో ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు తళతళలాడే బండి ఒకటి ఊహించుకుంటారు. జమీందారీలు రద్దయిన రోజుల్లో ఒక దివాణం వాళ్లు అమ్మకానికి పెడితే తాతయ్య కొన్న సీమ కారు అది. కొన్ననాటికే పాతది. పొడుగాటి మూతి, ఎక్కడానికి రెండు పక్కలా ఫుట్‌బోర్డులు, ముందు పళ్లేలంత దీపాలు. నేను పుట్టిన మరుసటి ఏడాది అది ఆగిపోయింది. షెడ్డులోకి నెట్టి, ఇరుసుల కింద ఇటుకలు పేర్చి వదిలేశారు. నాకు ఊహ తెలిసేసరికే ఒక దీపం లేదు. ముందు అద్దం లేదు. ఆకుపచ్చ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. బానెట్ మీద కోళ్లు గుడ్లు పెట్టేవి. ఎలుకలు కొరకగా మిగిలిన ముందు సీటు మీద తాతయ్య నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ తిప్పించేవాడు. "ఏ ఊరు పోదాం?" అనేవాడు. నాకు తెలిసిన ఊళ్లన్నీ వల్లించేదాన్ని, ఆగిరిపల్లి, నూజివీడు, మైలవరం. ఆయన నోటితో హారన్ కొట్టేవాడు.

అదంతా ముందు సీటు సంగతి. వెనక భాగం మా నాయనమ్మది.

ఎండాకాలం వచ్చిందంటే ఆ కారు వెనక తలుపులు తెరుచుకునేవి. సీటు మీదా, సీటు కిందా నాయనమ్మ జానెడు మందాన వరిగడ్డి పరిచేది. చిక్కంతో కోసి, సొన కారిపోయాక తెచ్చిన చిన్న రసాలను ముచ్చిక కిందికి వచ్చేలా ఒక్కొక్కటే పేర్చేది. మళ్లీ గడ్డి, మళ్లీ కాయలు. అలా అద్దాల దాకా నిండాక తలుపులు మూసి, అద్దాలు బిగించి, పైనా, ముందు సీటు వైపూ గోనెసంచులు కప్పేది. ఊళ్లో అందరూ ఇలా గది మూలలో కావు వేసుకుంటే మేం కారులో వేసుకునేవాళ్లం. నాలుగో రోజుకి షెడ్డు బయటికి వాసన వచ్చేది. అయిదో రోజు పొద్దున్నే తలుపు తెరిస్తే ఒక్క మచ్చ లేని పళ్లు, పట్టుకుంటే చాలు వేళ్లకింద మెత్తగా కదిలేవి. నూజివీడు చుట్టాలు "ఈసారి కారు కాయలు పంపలేదేంటండీ?" అని కబురు పెట్టేవాళ్లు. మాకు అందులో వింతేమీ కనిపించేది కాదు. అద్దాలు బిగిస్తే గాలి చొరదు, రేకుల కింద లోపలంతా వెచ్చగా ఉంటుంది. కాయ మగ్గడానికి ఇంతకంటే ఏం కావాలి?

కాగితం దొరికిన సాయంత్రమే నాన్న తీర్పు చెప్పేశాడు.

"అమ్మాయ్, ఆ ఇనుముని మైలవరం పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం. షెడ్డు ఖాళీ అయితే స్ప్రేయరూ, మందు డబ్బాలూ పెట్టుకోవచ్చు."

"ఎవరూ అడ్డు చెప్పకూడదని రాశాడు తాతయ్య. చదివింది నువ్వే."

"కారు నీదేనే. షెడ్డు నాది." నాన్నకి ఇలాంటి లాపాయింట్లు బాగా వచ్చు. "కోతలు మొదలయ్యేలోపు తేల్చుకో. నడిచే బండి అయితే బాగు చేయించు, నేనూ ఓ చెయ్యి వేస్తా. నడవదంటే మాత్రం పాత సామాన్లే."

నాయనమ్మ వసారాలో పీట మీద కూర్చుని మిరపకాయల తొడాలు తీస్తోంది. అవుననలేదు, కాదనలేదు. ఆవిడ ఎప్పుడూ అంతే కదా అనుకున్నాను.

మరునాడే బస్సెక్కి బెజవాడ వెళ్లాను. వరసగా షెడ్లన్నిటికీ తిరిగాను. కారు పుట్టుపూర్వోత్తరాలు చెప్పగానే నలుగురు నవ్వారు. ఒకాయన టీ తాగి వెళ్లమన్నాడు. అయిదో షెడ్డులో, కళ్లజోడు దారంతో చెవికి కట్టుకున్న ఒక ముసలి మేస్త్రి మాత్రం నవ్వలేదు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "ముందు గ్రిల్లు నిలువు గీతలాండీ, అడ్డ గీతలా?" అని అడిగాడు. నిలువు గీతలన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. అలాంటి బండి దగ్గర తను పదిహేనేళ్ల వయసులో పని నేర్చుకున్నాడట. శుక్రవారం వస్తానన్నాడు. తిరుగు బస్సులో నాకు సీటు దొరకలేదు, నించున్నట్టే తెలియలేదు.

శుక్రవారం వచ్చాడు. చొక్కా విప్పి మేకుకు తగిలించి కారు కిందికి దూరాడు. ఒక స్క్రూడ్రైవరుతో పొడుచుకుంటూ పోతుంటే టకటకా శబ్దం వచ్చినచోట నా ప్రాణం లేచి వచ్చేది, చప్పుడు లేకుండా దిగబడినచోట ఉసూరుమనేది. ముందు సగం టకటకలాడింది. వెనక సగం దగ్గర స్క్రూడ్రైవరు ఆగకుండా పైకి వచ్చేసింది. ఆయన బయటికొచ్చి వెనక తలుపు తెరిచి, గడ్డి పక్కకి లాగి చూశాడు. నేల ఉండాల్సిన చోట షెడ్డు మట్టి కనిపిస్తోంది.

"ఇందులో ఏం పోశారండీ ఇన్నాళ్లూ? ఒట్టి చెమ్మకి ఇనుము ఇలా పోదే!"

"మామిడికాయలు కావేస్తామండీ."

"కారులోనా?"

"అద్దాలు బిగిస్తే గాలి ఆడదు కదండీ. బాగా మగ్గుతాయి."

మేస్త్రి నుదురు కొట్టుకున్నాడు. ఏటా రెండు మూడు పళ్లు చితికి రసం కారుతుంది, గడ్డి ఆ తడిని పట్టి ఉంచుతుంది, ఆ పులుపుకి రేకు తినేసింది అని వివరించాడు. నేల మొత్తం కొత్తగా వెయ్యాలి. తలుపుల లోపలి చెక్క పుచ్చింది, వడ్రంగి కావాలి. వెనక సీటు చట్రం లేదు. వైర్లు లేవు. పెట్రోలు ట్యాంకు జల్లెడ. ఆయన చెబుతున్నకొద్దీ నాన్న మొహంలో నవ్వు పెరిగిపోతోంది.

"చాసీ మాత్రం రాయండీ, రాయి!" అన్నాడు మేస్త్రి చివర్లో. "ఇంజిన్ పట్టేసింది. అది విడిపోతే బండి బతుకుతుంది. విడిపోకపోతే అయ్యగారి మాటే."

ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కిరసనాయిలూ ఇంజిన్ ఆయిలూ కలిపి పోశాడు. మూడు రోజులు నానాలన్నాడు. సోమవారం వస్తానని చొక్కా తొడుక్కుంటూ నా వైపు తిరిగి వేలు చూపించాడు.

"ఒక్క మాట పాపగారూ. బాగయ్యాక ఇందులో ఒక్క మామిడికాయ కనబడిందా, నేను మళ్లీ ఈ గుమ్మం తొక్కను. కారో, కావో, ఏదో ఒకటే."

"కారేనండీ!" అన్నాను. ఆలోచించనే లేదు.

ఆ మూడు రోజులూ నేను భూమ్మీద లేను. పొద్దున లేస్తూనే షెడ్డులోకి వెళ్లి ప్లగ్గు రంధ్రాల్లోకి తొంగిచూసేదాన్ని, అక్కడేదో మొలకెత్తుతున్నట్టు. బ్రాసో పాలిష్ కొని, మిగిలిన ఒక్క దీపం చుట్టూ రుద్దితే ఇత్తడి బయటపడింది. దాన్ని చూసి నిజంగానే గంతులేశాను. కాలేజీ ముందు నుంచి ఈ కారులో వెళ్తూ హారన్ కొట్టడం తలుచుకుని ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. ఆడపిల్ల కారు తోలడమేంటని అనే నోళ్లకి ఏ జవాబు చెప్పాలో కూడా తయారుచేసి పెట్టుకున్నాను. ఆదివారం కూలీలు తోటలో మొదటి చిన్న రసాలు కోశారు. గంపలు వాకిట్లో దించారు. నాకు వాటి మీద ధ్యాసే లేదు.

సోమవారం తెల్లవారి షెడ్డు తలుపు తీసేసరికి వాసన మారింది. కొత్త గడ్డి వాసన. కారు వెనక అద్దాల దాకా నిండుగా, గోనెసంచులు కప్పి, చక్కగా కావు వేసి ఉంది.

నా కోపం ఎలాంటిదో ముందే చెప్పాను. వసారాలోకి ఒక్క ఊపున వచ్చాను. నాయనమ్మ రాగి చెంబుతో కాళ్లు కడుక్కుంటోంది, మోచేతుల దాకా గడ్డిపరకలు.

"నాయనమ్మా! మేస్త్రి వస్తున్నాడని తెలిసి కూడా అందులోనే వేస్తావా? ఇల్లంతా చోటు లేదా? అది నా కారు!"

"నీ కారా?"

"తాతయ్య రాశాడు."

"రాశాడు. అది ఎలా వచ్చిందో కూడా రాశాడా ఆ కాగితంలో?"

ఆవిడ గొంతు పెంచలేదు. చెంబు పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, మెట్టు మీద కూర్చుంది. నేను నించునే విన్నాను.

"మా నాన్న నాకు పసుపు కుంకుమ కింద చింతలపూడి దగ్గర మూడెకరాల రసాల తోట ఇచ్చాడే. నా పేరునే. పెళ్లినాటికి నా నడుమంతెత్తు మొక్కలు. కాపుకొచ్చిన ఏడు మీ తాత, తోట దూరమైపోయింది, చూసుకోలేకపోతున్నాం, అది అమ్మి ఇక్కడే మన ఇంటి పక్కన నీ పేరునే కొంటానన్నాడు. సరేనని వేలిముద్ర వేశా. నెల తిరక్కుండా ఇదిగో, ఇది వచ్చి వాకిట్లో ఆగింది."

"మరి తోట?"

"ఇదేగా తోట."

ఆవిడ వాకిట్లోకి చూస్తూ చెప్పుకుపోయింది.

"ఎక్కు, నూజివీడు తిప్పుకొస్తానన్నాడు. ఎక్కలా. పెళ్లికి పోదాం ఎక్కమన్నాడు, తీర్థానికి పోదాం ఎక్కమన్నాడు. మీ నాన్నకి జ్వరమొస్తే పిల్లాణ్ణి ఆయన కారులో పంపించి, వెనకాల నేను బస్సులో వెళ్లా ఆస్పత్రికి. ఎక్కితే ఒప్పుకున్నట్టే కదే! అది ఆగిపోయిన ఏడు, పోనీ నా కాయలకన్నా పనికొస్తుందని అందులో కావేశా. ఆయన చూశాడు. ఒక్క మాటన్లా. అయిదో రోజు పళ్లు పెడితే తిన్నాడు. ఏటా తిన్నాడు."

"ఆ రసం కారే కింద రేకంతా..."

"నాకు తెలీదనుకున్నావా?" అంది నాయనమ్మ.

అందరం ఇన్నేళ్లూ ఆవిడ అమాయకత్వం అనుకున్నది అమాయకత్వం కాదు. పొరపాటు కూడా కాదు. ఊళ్లోవాళ్లు గది మూలని వాడుకున్నట్టే కారునూ వాడేసుకుందనుకున్నాం. ఆవిడ ఏటా, కాయ తర్వాత కాయ, తన తోటని దాన్ని మింగిన బండిలో తెచ్చి పెడుతోంది. తాతయ్యకి అది తెలుసు. తెలిసీ కిక్కురుమనకుండా తిన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఎంత ప్రయత్నించినా సగమే వచ్చింది, ఎందుకంటే ఆయన ఒళ్లో కూర్చున్నదాన్ని నేనే. నాకు సిగ్గేసింది. ఇంకో నిజం కూడా చెప్పాలి. అంత సిగ్గులోనూ నాకు ఆ కారు కావాలనే ఉంది.

ఇంతలో మేస్త్రి సైకిల్ రిక్షా దిగాడు, ఒక బ్యాటరీ, సామాన్ల సంచీతో. షెడ్డులో కావు చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇదేంటండీ?"

"కావు వేసింది ఇవాళే. కదిపితే కాయ మగ్గదు, కుళ్లుతుంది," అంది నాయనమ్మ వెనక నుంచి. "మీ ఇంజిన్ ముందుంది. నా కాయలు వెనకున్నాయి. మీ పని మీరు చూసుకోండి."

ఆయన ఏమనుకున్నాడో గానీ బానెట్ ఎత్తాడు. మూతి కింద హ్యాండిల్ దూర్చి బలంగా నొక్కాడు. కదల్లేదు. రెండోసారి నాన్న కూడా పట్టాడు. కదల్లేదు. నాన్న "పాత సామాన్లు" అని నోటి దాకా తెచ్చుకుని నా మొహం చూసి మింగాడు. మేస్త్రి ఇంకో గ్లాసు కిరసనాయిలు పోసి, బీడీ కాల్చుకుని, వచ్చి మళ్లీ నొక్కాడు. లోపలెక్కడో 'టక్' మంది. హ్యాండిల్ పావు చుట్టు దిగింది. తర్వాత సగం. తర్వాత మొత్తం!

నేను అరిచిన అరుపుకి బానెట్ మీద అలవాటుగా ఎక్కబోతున్న కోడి రెండిళ్ల అవతల దాకా పారిపోయింది.

ప్లగ్గులు తుడిచి బిగించాడు. కార్బొరేటర్ విప్పి పెట్రోలుతో కడిగాడు. బ్యాటరీ నుంచి రెండు వైర్లు లాగాడు. ట్యాంకు పనికిరాదు కాబట్టి పెట్రోలు ఒక సీసాలో పోసి, రబ్బరు గొట్టం తగిలించి, ఎత్తుగా పట్టుకోమని నాన్నకిచ్చాడు. నాన్న ఆస్పత్రిలో సెలైన్ పట్టుకున్నవాడిలా చెయ్యెత్తి నిలబడ్డాడు. హ్యాండిల్ నేను తిప్పుతానన్నాను. మేస్త్రి నన్ను ఎగాదిగా చూసి సరేనన్నాడు.

"బొటనవేలు చుట్టొద్దు పాపగారూ, మిగతా వేళ్ల పక్కనే ఉంచండి. ఇంజిన్ వెనక్కి తన్నిందంటే వేలు విరుగుతుంది. కింద నుంచి పైకి, ఒక్క గుంజు."

గుంజాను. దగ్గింది. మళ్లీ గుంజాను. మళ్లీ దగ్గింది. ఎన్నిసార్లు గుంజానో లెక్క లేదు, భుజం ఊడిపోతోంది, జడ విడిపోయింది, ఒళ్లంతా చెమట. ఒక గుంజులో హ్యాండిల్ నా చేతిని విసిరికొట్టింది. మేస్త్రి మాట విన్నాను కాబట్టి వేలు దక్కింది. ఆ తర్వాతి గుంజుకి షెడ్డంతా ఒక్కసారి ఢామ్మంది. నల్లటి పొగ వచ్చింది. అప్పుడు ఆ కారు, నా వయసంతా ఇటుకల మీద పడున్న ఆ కారు, గడగడలాడుతూ అందుకుంది!

నాన్న సీసా వదలకుండా అక్కడే చిందులేస్తున్నాడు. "ఇదేనే, ఇదే చప్పుడు! చిన్నప్పుడు వీధి చివర్నుంచే వినపడేది!" అని అరుస్తున్నాడు. పొయ్యి మీద పాలు వదిలేసి అమ్మ వచ్చింది. వీధిలో జనం మూగారు. మేస్త్రి బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అంత సంబరం నాకు తర్వాత నా పెళ్లిలో కూడా కలగలేదు. ఈ మాట మా ఆయనకి తెలుసు.

అప్పుడు చూశాను. బండి అదురుకి గోనెసంచులు జారుతున్నాయి. నాయనమ్మ వెనక తలుపు పక్కన నిలబడి, అది తెరుచుకోకుండా రెండు చేతులతో ఒత్తి పట్టుకుంది. ఫుట్‌బోర్డు మీద కాలు పెడితే పట్టు సులువుగా దొరుకుతుంది. పెట్టలేదు. మునివేళ్ల మీద నిలబడి అందుకుంటోంది.

ఇంజిన్ ఆపమన్నాను. బెజవాడకి లారీ ఎప్పుడు మాట్లాడాలా అని నాన్నా మేస్త్రీ అప్పుడే మొదలుపెట్టారు.

"ఆగండి," అన్నాను. "నాయనమ్మా, నువ్వు చెప్పు. బాగు చేయించమంటావా, వద్దా?"

షెడ్డులో అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆ కారు గురించి ఆవిణ్ణి ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి అయి ఉంటుంది. ఆవిడ జారిన గోనెసంచి ఎత్తి మళ్లీ కప్పింది.

"కావు దిగనీ. చెప్తా."

అయిదు రోజులు! మేస్త్రి శనివారం వస్తానని వెళ్లిపోయాడు. నాన్నకి తోట సంగతి నేనే చెప్పాను. ఆయనకి తెలియదు. "జ్వరమొచ్చినప్పుడు అమ్మ లేకుండా కారెక్కడం గుర్తుందే నాకు. సరదాగా ఉండింది," అని లోపలికి వెళ్లిపోయాడు. పాత సామాన్ల మాట మళ్లీ ఎత్తలేదు.

శనివారం పొద్దున నాయనమ్మ తలుపు తెరిచింది. ఇంజిన్ అంత కుదిపినా ఒక్క కాయ చెడలేదు. గంపలు నింపి, మాకు తలా రెండు పళ్లు ఇచ్చి, నేను రసం పీల్చుకుంటూ ఉండగా చెప్పింది.

"కారు నాకు రాసివ్వు."

"ఏంటి?"

"కాగితం మీద. నా పేరున. రాసిచ్చాక అది నా ఇష్టం. బాగు చేయించుకుంటానో, ఇలాగే కావేసుకుంటానో, పాత సామాన్లవాడికే ఇస్తానో, నువ్వు అడక్కూడదు."

"అదేంటి నాయనమ్మా! ఏం చేస్తావో చెప్తే రాసిస్తా."

"చెప్తే అది రాసివ్వడం కాదు, బేరం."

నేను చేతిలో టెంక విసిరికొట్టి తోటలోకి వెళ్లిపోయాను. చెట్ల మధ్య నుంచి చరచరా నడిచాను, దారిలో కనపడ్డ ప్రతి గడ్డనీ తన్నాను. నా చేత్తో గుంజి లేపిన ఇంజిన్! నాకంటూ వచ్చిన ఒకే ఒక్కటి! ఆవిడ దాన్ని మళ్లీ గడ్డితో నింపేస్తే? నింపేస్తుందనే అనిపించింది. ఆవిడ చోట ఉంటే నింపాలనే అనిపిస్తుంది ఎవరికైనా. ఏం చేస్తాడో చెప్పి మరీ రాయించుకున్నాడు తాతయ్య, చెప్పింది చెయ్యలేదు. ఏమీ చెప్పకుండా రాయించుకుంటానంటోంది ఈవిడ. ఎంతసేపు తిరిగానో. కాళ్లు నొప్పెట్టాక కోపం కూడా అలిసిపోయింది. తిరిగొచ్చి, "నాన్నా, కాగితం తీసుకో," అన్నాను.

నాన్న రాశాడు. నేను సంతకం చేశాను. నాయనమ్మ చదవమంది. నాన్న చదివాడు. మళ్లీ చదవమంది. మూడోసారి ఒక్కో మాటకీ ఆపించి, "ఇంకేం లేవుగా?" అని అడిగింది. ఇంకేం లేవన్నాడు నాన్న.

"తీసుకునేవాళ్లు వేలిముద్ర వెయ్యక్కర్లేదమ్మా."

"ఇటు పెట్టు. వేస్తా."

సిరా వేలు తలకి రాసుకుని, కాగితం మడిచి రొంటిన దోపుకుని, చీపురు పట్టుకుని షెడ్డులోకి వెళ్లింది. అప్పటికి మేస్త్రి కూడా వచ్చి ఉన్నాడు. అందరం గుమ్మం దగ్గర నిలబడ్డాం. ఆవిడ వెనక తలుపులు రెండూ బార్లా తెరిచి గడ్డి బయటికి లాగడం మొదలుపెట్టింది. కొత్త గడ్డి, దాని కింద నల్లబడ్డ పాత గడ్డి, దాని కింద మట్టిలో కలిసిపోయిన గడ్డి. ఊడ్చి ఊడ్చి కుప్ప చేసింది. సాయం చెయ్యబోతే వద్దంది. కొత్త గడ్డి పరచడానికే అనుకున్నాను.

చీపురు గోడకానించి, చేతులు దులుపుకుని, ముందు తలుపు దగ్గరికి నడిచింది. ఫుట్‌బోర్డు మీద కుడికాలు పెట్టింది. ఒక్క క్షణం అలాగే ఆగి, లోపలికెక్కి, చిరిగిన సీటు మీద కూర్చుని కొంగు భుజం నిండా కప్పుకుంది.

"రా, కూర్చో," అంది నాతో, స్టీరింగ్ వైపు చూపించి. "ఆ చప్పుడు చేయించండి మేస్త్రిగారూ."

నాన్న సీసా ఎత్తాడు. మేస్త్రి హ్యాండిల్ గుంజాడు. ఈసారి మూడో గుంజుకే అందుకుంది. సీటు, స్టీరింగ్, నాయనమ్మ గాజులు, అన్నీ అదురుతున్నాయి. ఆవిడ వీపు నిటారుగా పెట్టుకుని, అద్దం లేని చట్రంలోంచి వాకిట్లోకీ, వాకిలి అవతల రోడ్డు మీదికీ చూస్తోంది.

"ఊఁ, పోనియ్యి."

"ఇది ఇంకా పోదు నాయనమ్మా," అన్నాను ఇంజిన్ మోతలో గొంతు చించుకుని. "టైర్లు లేవు, నేల లేదు. బాగు చేయించాలి."

"అయితే చేయించు," అంది, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.